శిల్పానికి వయస్సు చెప్పేదెవరు? – శాసనం, శాస్త్రం, వార్త

(ఏటూరునాగారంలో ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త ఆలయం కట్టించడం కంటె జీర్ణమైన ఆలయాన్ని ఉద్ధరించడం అధిక పుణ్యప్రదమని పెద్దలు చెబుతారు. అటువంటి శుభవేళ ప్రతి ఊరిలోను తప్పకుండా ఒక ప్రశ్న పుడుతుంది. “ఈ గుడి ఎన్నేండ్ల నాటిది? ఈ విగ్రహం ఏ కాలం నాటిది?” భక్తులు అడుగుతారు, దాతలు అడుగుతారు, వార్త రాసుకొనడానికి వచ్చిన విలేకరి అందరికంటె ముందు అడుగుతాడు. ఆ సందడిలో ఎవరో ఒకరు ఒక అంకె చెబుతారు. మరునాడు అది పత్రికలో అచ్చవుతుంది. పదేండ్లు గడిచేసరికి ఆ పత్రిక ముక్కే ప్రమాణమై స్థలచరిత్రలో చోటు సంపాదించుకొంటుంది. ఇక దానిని సవరించడం ఎవరి తరమూ కాదు.

ప్రాచీన శిల్పాలకు, చిత్రాలకు శాస్త్రజ్ఞులు వయస్సు ఎట్లా నిర్ణయిస్తారు, ఆ నిర్ణయం వార్తగా మారేటప్పుడు ఏమేమి జారిపోతుంది, ఆలయాన్ని ఉద్ధరించుకొంటున్న మనకు ఇందులో ఉన్న కర్తవ్యమేమిటి అన్న మూడు విషయాలను తమ ముందు విన్నవించుకొంటాను.

మొదట మన పొరుగునే ఉన్న పాలంపేటకు పోదాం. అక్కడి రుద్రేశ్వరాలయాన్ని, మనం రామప్ప గుడి అని పిలుచుకొనే ఆ అద్భుతాన్ని, 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆనాడు పత్రికలు ఆ ఆలయం 1213 నాటిదని రాసినవి. కారణం సులభం. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం ఆలయ ప్రాంగణంలోనే నిలిచి ఉన్నది. శకవర్షం 1135, శ్రీముఖ సంవత్సరం అని అది తన నోటనే చెబుతున్నది. హనుమకొండ వేయిస్తంభాల గుడి విషయంలోను అంతే. అక్కడ రుద్రదేవుని శాసనం శకవర్షం 1084 అని చెబుతున్నది. అది క్రీస్తుశకం 1163 ఆరంభానికి సరిపోతుంది. శాసనం ఉన్నచోట ఊహకు చోటు లేదు, వార్తకు దారి తప్పే అవసరమూ లేదు.

అయినా ఒక సంగతి గమనించాలి. రామప్ప అనే శిల్పి పేరిట ఆ గుడికి ఆ పేరు వచ్చిందన్నది జనశ్రుతి. జనశ్రుతి ఆదరణీయమే. కాని వార్తలలో శాసనం చెప్పిన మాట, జనశ్రుతి చెప్పిన మాట ఒకే వాక్యంలో ఒకే గొంతుతో వినిపిస్తాయి. చదివేవారికి ఏది ఏదో తెలియదు. కాలనిర్ణయ వార్తలలో జరిగే పొరపాట్లకు బీజం ఇక్కడే ఉన్నది.

శాసనం లేనిచోట ఏమి చేయాలి? మన అడవులలో అటువంటి చోట్లకు కొదవ లేదు. తాడ్వాయి మండలం దామరవాయిలో పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధులు గుట్ట మీద బారులు తీరి ఉన్నవి. కాటాపురం, మంగపేట ప్రాంతాలలో చేతులు చాచి నిలిచిన మనిషిని పోలిన రాతి ప్రతిమలు ఉన్నవి. 1860లలో మల్హెరన్ అనే సర్వే అధికారి ఈ గోదావరి తీరపు రాళ్ళను గూర్చి లోకానికి తెలిపినాడు. 1872లో ముద్రితమైన తన గ్రంథంలో జేమ్స్ ఫెర్గూసన్ అనే స్కాట్లండు పండితుడు వాటి ఆకారం శిలువను పోలి ఉన్నదని, కనుక అవి క్రైస్తవ చిహ్నాలని భావించినాడు. ఆ భావన నిలువలేదు. బృహత్ శిలాయుగపు సమాధులతో కలిసి ఉన్న మానవాకృతి ప్రతిమలుగా తరువాతి పండితులు వాటిని గుర్తించినారు. తనకు తెలిసిన ఆకారాన్ని ఎక్కడ చూసినా తనకు తెలిసిన కాలాన్నే దానికి అంటగట్టడం మానవ స్వభావం. పండితుడే అట్లా పొరబడినప్పుడు, సాయంత్రంలోగా వార్త పంపవలసిన విలేకరి పొరబడడంలో వింత ఏమున్నది?

ఈ ఊహల బాధను తగ్గించడానికి గత శతాబ్దంలో ప్రయోగశాల ముందుకు వచ్చింది. వాటిలో పేరు మోసినది రేడియో కార్బన్ పద్ధతి. అమెరికా శాస్త్రజ్ఞుడు విల్లార్డ్ లిబ్బీ దీనిని 1940ల చివర రూపొందించి, 1960లో నోబెల్ బహుమానం పొందినాడు. చెట్టు గాని, జంతువు గాని జీవించి ఉన్నంతకాలం గాలి నుండి, ఆహారం నుండి కార్బన్‌ను గ్రహిస్తుంది. అందులో అతి స్వల్పభాగం రేడియో ధార్మిక కార్బన్. ప్రాణం పోయిన క్షణం నుండి అది తరగడం మొదలవుతుంది. 5,730 ఏండ్లకు సగమవుతుంది. మిగిలినది ఎంతో కొలిచి, ప్రాణం పోయి ఎంతకాలమైనదో లెక్క కడతారు. సుమారు 50,000 ఏండ్లు దాటితే కొలవడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

దీనిని మన ఆలయానికి అన్వయించి చూద్దాం. జీర్ణోద్ధరణలో ఒక పాత కొయ్య ధ్వజస్తంభాన్ని తీసినారనుకొందాం. దాని ముక్కను ప్రయోగశాలకు పంపితే వచ్చే జవాబు ఆ చెట్టుకు సంబంధించినది. ధ్వజస్తంభం జీర్ణమైనప్పుడల్లా మార్చడం సంప్రదాయం కనుక, ఆ కర్ర గుడికంటె ఎంతో చిన్నది కావచ్చు. అంతకుముందు మరొక కట్టడంలో వాడిన దూలాన్ని తెచ్చి నిలిపి ఉంటే గుడికంటె పెద్దదీ కావచ్చు. పైగా 1650 తరువాతి కర్రలకు ఈ పద్ధతి ఒకే జవాబు ఇవ్వదు. ఈ కాలం కావచ్చు, లేదా ఆ కాలం కావచ్చు అని రెండు మూడు అవకాశాలను చూపుతుంది. ప్రయోగశాల నివేదికలో ఇవన్నీ ఉంటాయి. వార్తకు మాత్రం ఒక్క అంకె కావాలి. “గుడి వయస్సు ఇంత” అని శీర్షిక పడుతుంది. కర్రకు కట్టిన లెక్క గుడికి తగులుకొంటుంది.

ఇక రాతి సంగతి. రాయి జీవించిన వస్తువు కాదు; అందులో ఈ పద్ధతికి పనికివచ్చే కార్బన్ ఉండదు. శిల వయస్సు కొలిచే పద్ధతులు వేరే ఉన్నవి గాని, అవి చెప్పేది భూగర్భంలో ఆ శిల పుట్టిన కాలం. అది కోట్ల సంవత్సరాలలో ఉంటుంది. ఉలి తాకిన కాలాన్ని అవి చెప్పవు. అయినా “విగ్రహానికి కార్బన్ డేటింగ్” అన్న మాట మన వార్తలలో తరచుగా వినవస్తుంది. 2022లో వారణాసి జ్ఞానవాపి వ్యాజ్య సందర్భంలో ఈ మాట దేశమంతటా మారుమ్రోగింది. ఆ వివాదం న్యాయస్థానాలకు సంబంధించినది. దాని జోలికి నేను పోను. రాతికి ఆ పద్ధతి నేరుగా ఎట్లా వర్తిస్తుందన్న చిన్న ప్రశ్నకు మాత్రం చాలా వార్తలలో జవాబు లేకపోయింది.

రాతి విగ్రహానికి వయస్సు చెప్పడం ఎంత కష్టమో తెలియాలంటే తిరుపతి జిల్లాలోని గుడిమల్లం చూడాలి. అక్కడి పరశురామేశ్వర లింగం పైన శివుని నిలువెత్తు రూపం మలచి ఉన్నది. టి.ఏ. గోపీనాథరావుగారు గత శతాబ్దపు తొలినాళ్ళలో దానిని లోకదృష్టికి తెచ్చినారు. భారత పురావస్తు శాఖ 1973–74లో ఐ. కార్తికేయశర్మగారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపింది. శిల్పశైలిని బట్టి పలువురు దానిని క్రీస్తుపూర్వం రెండవ, ఒకటవ శతాబ్దాల నాటిదంటారు; ఇంకా ముందుకు జరిపేవారు, వెనుకకు జరిపేవారు కూడా ఉన్నారు. ఇప్పుడు చుట్టూ కనిపించే ఆలయపు కట్టడమూ, అందులోని శాసనాలూ ఎంతో తరువాతివి. లింగం ఒక కాలానిది, గుడి మరొక కాలానిది. పండితులు నూరేండ్లుగా వాదించుకొంటున్న ఈ విషయం, వార్తలో ఒక్క ముక్తసరి వాక్యమై తేలిపోవడం చూస్తే మనస్సు చివుక్కుమంటుంది.

ఇటుకకు, కుండపెంకుకు మరొక ఉపాయం ఉన్నది. మట్టిలోని స్ఫటికపు రేణువులు పరిసరాల రేడియో ధార్మికతను ఏండ్ల తరబడి శక్తిరూపంలో దాచుకొంటాయి. వేడి చేస్తే ఆ శక్తి మిణుకుమనే వెలుగై బయటికి వస్తుంది. దానిని కొలిస్తే ఇటుక చివరిసారి కాలి ఎంతకాలమైనదో తెలుస్తుంది. “చివరిసారి” అన్న మాట ముఖ్యం. గుడికి నిప్పు అంటుకొని ఇటుక మళ్ళీ కాలితే గడియారం మళ్ళీ మొదటికి వస్తుంది. పాండవుల గుట్ట వంటి చోట్ల కనిపించే ఎర్రరంగు గుహాచిత్రాలకు ఇంకొక చిక్కు ఉన్నది. ఎర్రమట్టి రంగులో కార్బన్ ఉండదు. కొన్ని గుహలలో బొమ్మ మీద నీటి ఊటవల్ల సున్నపు పొర గడ్డకడుతుంది. ఆ పొరలోని యురేనియం, థోరియంల పాళ్ళను బట్టి పొర వయస్సు కడతారు. బొమ్మ ఆ పొరకంటె పాతదై ఉండాలి, ఎంత పాతదో చెప్పలేం. ఇండోనేషియాలోని సులవేసి దీవి చిత్రాలకు ఈ విధంగా 2014లో కనీసం 39,900 ఏండ్లని, 2021లో కనీసం 45,500 ఏండ్లని, 2024లో కనీసం 51,200 ఏండ్లని వేర్వేరు గుహల నుండి లెక్కలు వెలువడినవి. శాస్త్రజ్ఞుల పత్రంలో “కనీసం” అన్నది ప్రాణపదం. వార్తలో తరచుగా మొదట రాలిపోయేది ఆ పదమే. దాని స్థానంలో “ప్రపంచంలోనే అతి ప్రాచీనం” అన్న బిరుదు వచ్చి కూర్చుంటుంది. కొన్నేండ్లకు మరొక గుహకు బదిలీ అవుతుంది.

మన దేశంలోనే జరిగిన రెండు ఉదంతాలు చెబుతాను. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో సముద్రగర్భాన ఒక మహానగరపు శిథిలాలు బయటపడినవని 2002 జనవరిలో ఘనమైన వార్త వచ్చింది. సముద్రపు అడుగు నుండి దేవి తీసిన వస్తువులలో ఒక కర్రముక్క ఉన్నది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ దానికి క్రీస్తుపూర్వం 5500 ప్రాంతమని, మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ క్రీస్తుపూర్వం 7500 ప్రాంతమని కాలం కట్టినవి. రెంటి మధ్యనే రమారమి రెండువేల ఏండ్ల అంతరం. అది పక్కకు పోయి, “తొమ్మిదిన్నర వేల ఏండ్ల నగరం” అన్నది స్థిరపడిపోయింది. కర్ర ప్రాచీనమైనదే కావచ్చు. కాని నదీప్రవాహం ఎక్కడెక్కడి చెట్లనో సముద్రానికి చేరుస్తుంది. వరదకాలంలో మన గోదావరి ఒడ్డున నిలిచి చూసినవారికి ఈ మాట వేరే వివరించనక్కర లేదు. కొట్టుకొచ్చిన దుంగ వయస్సును రేవు వయస్సు అనుకోవచ్చునా? ఆ కర్రకు, ఆ నగరమనబడే దానికి సంబంధం రుజువు కావలసి ఉన్నదని పురావస్తు పండితులు అడిగిన ప్రశ్న, వార్తంత దూరం ప్రయాణించలేదు.

రెండవది బక్షాలీ గణిత గ్రంథం. 1881లో పెషావరు సమీపంలో భూర్జపత్రాలపై రాసిన ఈ ప్రతి దొరికింది. 1902 నుండి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది. అందులో సున్నకు చుక్క గుర్తు ఉన్నది. 2017 సెప్టెంబరులో ఆ గ్రంథాలయం మూడు పత్రాలను పరీక్షింపజేసి, ఒకటి మూడు, నాలుగు శతాబ్దాల నాటిదని, మిగతా రెండు అంతకు కొన్ని శతాబ్దాల తరువాతివని ప్రకటించింది. “సున్న చరిత్ర అయిదువందల ఏండ్లు వెనుకకు జరిగింది” అని లోకమంతా వార్తలు నిండినవి. భారతీయులుగా మనమూ గర్వించినాము. గణితచరిత్ర పండితులు కొందరు అదే ఏడాది ఆక్షేపించినారు: ఆ రాత చూస్తే ఒకే లేఖకుని పనివలె ఉన్నది, ఒకే లేఖకుడు అయిదు శతాబ్దాలు జీవించి రాస్తాడా? ఆ తరువాత 2024లో ఆక్స్‌ఫర్డ్ వారి పునఃపరీక్షలో ఆ ప్రతి క్రీస్తుశకం 799–1102 మధ్యదని తేలింది. మొదటి వార్త విన్నవారిలో ఈ సవరణ ఎందరి చెవిన పడింది? భారతీయ గణితపు ఘనతకు దీనివల్ల వచ్చిన లోటు ఏమీ లేదు. అది ఒక్క ప్రతి వయస్సుపై ఆధారపడినది కాదు. లోటు వచ్చినదల్లా తొందరపడి చెప్పిన మాటకే.

ఈ వార్తలలో తప్పు జరిగే తీరు దాదాపు ఒకటే. ఏ వస్తువును పరీక్షించినారో చెప్పకపోవడం మొదటిది. “నూరేండ్లు అటూఇటూ” అన్న హద్దును తీసివేయడం రెండవది. ఇచ్చిన రెండు హద్దులలో పాతదానినే పట్టుకోవడం మూడవది. నాలుగవది కొంత సూక్ష్మమైనది. శాస్త్రజ్ఞులు “ఇప్పటికి ఇన్నేండ్ల క్రితం” అన్నప్పుడు, రేడియో కార్బన్ లెక్కలో ఆ “ఇప్పుడు” 1950వ సంవత్సరం. “3,000 ఏండ్ల క్రితం” అన్నది క్రీస్తుపూర్వం 1050 ప్రాంతం. దానినే “క్రీస్తుపూర్వం 3000” అని రాస్తే ఒక్క కలంపోటుతో దాదాపు రెండువేల ఏండ్లు అదనంగా చేరినట్లే. అయిదవది, తరువాత వచ్చిన సవరణను అచ్చు వేయకపోవడం.

విలేకరులను నిందించడానికి ఈ మాటలు చెప్పడం లేదు. గ్రామీణ విలేకరికి దొరికేది నాలుగు అంగుళాల జాగా, ఒక్క పూట గడువు. అడవి దారుల వెంట తిరిగి, మరుగున పడిన శాసనాలను, సమాధులను లోకానికి చూపిన పత్రికా సోదరులు మన ప్రాంతంలోనే ఉన్నారు. వారు రాయకపోతే ఎన్నో శిల్పాలు దొంగలపాలో, రాళ్ళ మిల్లులపాలో అయ్యేవి. విలేకరికి అంకె అందించేది మనమే. మా ఊరి గుడి పక్క ఊరి గుడికంటె పాతదనిపించుకోవాలన్న ఉబలాటం మనది. ముందుగా అదుపులో పెట్టుకోవలసినది దానినే.

శాస్త్రం పెట్టే కాలం భక్తిని తగ్గిస్తుందేమోనన్న సంకోచం కొందరికి ఉండవచ్చు. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఏసుక్రీస్తు దేహానికి చుట్టినదని క్రైస్తవులు భక్తితో చూసుకొనే వస్త్రం ఒకటి ఉన్నది. 1988లో మూడు దేశాల ప్రయోగశాలలు దానిని పరీక్షించి, ఆ నార 1260–1390 మధ్యదని తేల్చినవి. లండన్‌లో విలేకరుల ముందు నల్లబల్ల మీద ఆ అంకెలు రాసి పక్కన ఒక ఆశ్చర్యార్థకం కూడా పెట్టినారు. ఆ ఫలితంపై వాదాలు నేటికీ సాగుతున్నవి. అయినా 2010లోను, 2015లోను ఆ వస్త్రాన్ని దర్శనానికి ఉంచినప్పుడు భక్తులు లక్షలాదిగా తరలివచ్చినారు. మన మల్లూరు హేమాచల లక్ష్మీనరసింహస్వామి సన్నిధికి చేరిన భక్తుడు స్వామి పాదాలు చూస్తాడు గాని పంచాంగం చూడడు. మేడారం గద్దెల వద్ద బంగారం సమర్పించే తల్లి తారీఖు అడగదు. స్థలపురాణం చెప్పే కాలం భక్తుని హృదయానిది. ప్రయోగశాల చెప్పే కాలం వస్తువుది. దేని మాట దానిని చెప్పనిస్తే రెండింటికీ గౌరవం. ఒకదాని నోట మరొకదాని మాట పలికిస్తే రెండింటికీ చేటు.

ఇక మన కర్తవ్యం. జీర్ణోద్ధరణ చేసే చేతులే తెలియక సాక్ష్యాన్ని తుడిచివేసే ప్రమాదం ఉన్నది. పాత రాతిని శుభ్రం చేయడానికి ఇసుకను ఒత్తిడితో చిమ్మితే అక్షరాలు అరిగిపోతాయి. స్తంభానికి రంగు పూస్తే శాసనం మూసుకుపోతుంది. కనుక పని చేపట్టిన ప్రతి చోట ముందుగా ఛాయాచిత్రాలు తీయించాలి. పాత గచ్చు, ఇటుక, కొయ్యముక్కలను కొన్నింటినైనా ఎక్కడ నుండి, ఏనాడు తీసినారో చీటీ రాసి భద్రపరచాలి. చీటీ లేని ముక్క ఏ ప్రయోగశాలకూ పెద్దగా పనికిరాదు. అక్షరాలు కనిపిస్తే సుత్తి దించి పురావస్తు శాఖ వారికి కబురు పెట్టాలి. విలేకరి వచ్చినప్పుడు “శాసనం ఇది చెబుతున్నది, శైలిని బట్టి పండితులు ఇది భావిస్తున్నారు, పెద్దలు పరంపరగా ఇది చెప్పుకొంటున్నారు” అని మూడు మాటలు మూడుగా చెప్పాలి. తెలియనిచోట “కాలం తేలవలసి ఉన్నది” అనడం గుడికి తక్కువ కాదు.

చివరిగా దాతలకు ఒక విన్నపం. మీ పేర్లు చెక్కే పాలరాతి ఫలకాలే రేపటి శాసనాలు. వాటి మీద సంవత్సర నామం ఒక్కటే వేయించకండి. రేచర్ల రుద్రుడు శ్రీముఖ అని మాత్రమే చెక్కించి ఉంటే, అది 1153 నాటిదో, 1213 నాటిదో, 1273 నాటిదో అని మనం ఈనాటికీ తర్జనభర్జన పడవలసి వచ్చేది. ఆ నామం అరవై ఏండ్లకొకమారు తిరిగి వస్తుంది గదా. ఆయన శకవర్షాన్ని కూడా చెప్పించినాడు. మీరూ మాస తిథులతోపాటు శకవర్షాన్ని, క్రీస్తుశకాన్ని అంకెలలో వేయించండి. ఏ రాయి కొత్తగా పెట్టినారో, ఏ రాయి పాతదో, ఏ గోడను విప్పి మళ్ళీ కట్టినారో రెండు పంక్తులలో రాయించండి. ఏటూరునాగారం నిన్నటివరకు వరంగల్లు జిల్లా, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2019 నుండి ములుగు జిల్లా. మూడేండ్ల వ్యవధిలో చిరునామా రెండుసార్లు మారింది. మూడువందల ఏండ్ల తరువాత ఈ గుడి ముందు నిలిచే మనిషికి మనం ఊహ వదిలిపోవాలా, సాక్ష్యం వదిలిపోవాలా?

సాక్ష్యాన్నే వదిలిపోదాం. స్వామివారి కృపాకటాక్షాలు దాతలపైన, భక్తులపైన, ఈ గోదావరీ తీరంపైన సదా ప్రసరించుగాక.

స్వస్తి.